రేబిస్: ప్రయాణికులకు ముప్పు, నివారణ

రేబిస్ నాడీమండలాన్ని దెబ్బతీసే వైరస్ వ్యాధి. సోకిన జంతువు కరిచినా, రక్కినా, దాని చొంగ పచ్చి గాయం మీదో కంట్లోనో నోట్లోనో పడినా మనిషికి వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక మరణం దాదాపు తప్పదు. అంతకు ముందే సరైన చికిత్స అందితే మాత్రం వ్యాధి రాకుండా ఆపవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59 వేల మంది రేబిస్‌తో చనిపోతున్నారు. వ్యాధి 150కి పైగా దేశాల్లో ఉన్నా, మరణాల్లో 95 శాతం ఆసియా, ఆఫ్రికాల్లోనే. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల ద్వారానే వస్తోంది.

ప్రయాణికుల సంగతి విడిగా చెప్పుకోవడానికి కారణముంది. ఉన్న ఊళ్లో కుక్క కరిస్తే అది ఏ వీధిదో, ఎవరు అన్నం పెడతారో కనుక్కోవచ్చు, పది రోజులు కనిపెట్టి ఉండవచ్చు. సూదులన్నీ ఒకే ఆసుపత్రిలో వేయించుకోవచ్చు. ప్రయాణంలో ఉన్నవాడికి ఇవేవీ కుదరవు. కరిచిన కుక్క రైల్వే స్టేషన్ దగ్గరే ఉండిపోతుంది, కాటు తిన్నవాడు రాత్రి బండికి వెళ్లిపోతాడు. మూడో రోజు సూది పడాల్సిన సమయానికి మరో రాష్ట్రంలోనో మరో దేశంలోనో ఉంటాడు. గాయం చిన్నదైతే ఇంటికి వెళ్లాక చూద్దాంలే అనుకుంటాడు. పర్యాటకుల మరణాల వెనుక తరచూ కనిపించేది ఈ వాయిదాయే.

వ్యాధి ముదిరే తీరు

రేబిస్ వైరస్ లిస్సావైరస్ ప్రజాతికి చెందిన, తూటా ఆకారంలో ఉండే ఆర్‌ఎన్‌ఏ వైరస్. గాయంలో పడ్డాక కొంతకాలం అక్కడి కండరంలోనే ఉంటుంది. తర్వాత నరాల కొసల్లోకి చొరబడి, నరం వెంటే వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు పాకుతుంది. మెదడు చేరాక మళ్లీ నరాల దారిలోనే లాలాజల గ్రంథులకు దిగుతుంది. కరిచిన కుక్క చొంగలో వైరస్ ఉందంటే, ఆ కుక్క మెదడుకు వ్యాధి అప్పటికే చేరిందన్నమాట. వైరస్ రక్తంలో తిరగదు కాబట్టి, మనిషికి అది సోకిందో లేదో లక్షణాలకు ముందు రక్త పరీక్ష చేసి తేల్చుకునే వీలు లేదు.

కాటుకూ లక్షణాలకూ మధ్య సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. వారంలోనే రావచ్చు, ఏడాది దాకా రాకపోవచ్చు. ముఖం, మెడ, చేతివేళ్లు వంటి నరాలు దట్టంగా ఉన్న చోట్ల, మెదడుకు దగ్గరి చోట్ల పడిన కాటుకు గడువు తక్కువ. మొదట జ్వరం, ఎప్పుడో మానిపోయిన గాయం దగ్గర తిమ్మిరి, మంట. తర్వాత గ్లాసు నోటి దగ్గరికి తెస్తేనే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి, ఫ్యాన్ గాలి తగిలినా ఉలిక్కిపడతారు. అయితే రోగుల్లో అయిదింట ఒక వంతు మందిలో ఈ ఉద్రేకం కనిపించదు. కాళ్లూ చేతులూ నెమ్మదిగా పడిపోయే పక్షవాతం రూపంలో వస్తుంది. అప్పుడు డాక్టర్లు కూడా వేరే నరాల జబ్బుగా పొరబడే ప్రమాదముంది.

కాటుకూ లక్షణాలకూ మధ్య ఉండే ఈ జాప్యమే ప్రయాణికుల విషయంలో చిక్కు తెస్తుంది. కాటు ఒక దేశంలో, జబ్బు ఇంకో దేశంలో. అక్కడి డాక్టరు వృత్తిలో ఒక్క రేబిస్ రోగినీ చూసి ఉండకపోవచ్చు. జర్మనీలో 2005 మొదట్లో జరిగినది ఇందుకు తీవ్రమైన ఉదాహరణ. కొన్ని నెలల ముందు భారత్‌కు వచ్చి వెళ్లిన ఒక యువతి చనిపోతే, రేబిస్ అని ఎవరికీ తోచక ఆమె అవయవాలను ఆరుగురికి అమర్చారు. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు పొందిన ముగ్గురు రేబిస్‌తోనే చనిపోయారు. కాలేయం పొందిన వ్యక్తి బతికాడు. ఎప్పుడో చాలా ఏళ్ల కిందట అతను రేబిస్ టీకా వేయించుకుని ఉన్నాడు.

ఎక్కడ, ఏ జంతువుతో

రేబిస్ ఉన్న దేశాల్లో తిరిగేవారిలో నెలకు సగటున వెయ్యి మందికి నలుగురు జంతువు కాటుకో, ఆ స్థాయి గాయానికో గురవుతున్నారని పలు అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలకులు లెక్కగట్టారు. థాయిలాండ్, ఇండోనేషియా, నేపాల్, భారత్ ఇందులో ముందుంటాయి.

2019 పశుగణన ప్రకారం మన దేశంలో వీధి కుక్కలు 1.53 కోట్లు. భారత వైద్య పరిశోధన మండలి 2022–23లో చేసిన ఇంటింటి సర్వే నుంచి, ఏటా సుమారు 91 లక్షల మందిని జంతువులు కరుస్తున్నాయని, రేబిస్ మరణాలు 5,700 వరకు ఉంటాయని అంచనా వేశారు. కాట్లలో నాలుగింట మూడు వంతులు కుక్కలవే. అంతకు ముందు దశాబ్దాల్లో చెప్పుకున్న 20 వేల మరణాల అంచనాతో పోలిస్తే ఇది పెద్ద తగ్గుదల. అయినా విదేశీ పర్యాటకుల దృష్టిలోనే కాదు, దేశంలో తిరిగే మన దృష్టిలోనూ భారత్ అధిక ముప్పు ఉన్న దేశమే.

పిచ్చికుక్క అంటే చొంగ కారుస్తూ, తోక వేలాడేసి, అడ్డొచ్చిన వారినల్లా కరుస్తూ పోయేదని చాలామంది ఊహ. అలాంటి దాన్ని చూస్తే ఎవరైనా తప్పుకుంటారు. అసలు ఇబ్బంది మామూలుగా కనిపించే కుక్కతోనే. లక్షణాలు తేలడానికి కొన్ని రోజుల ముందు నుంచే దాని లాలాజలంలో వైరస్ ఉంటుంది. కుక్కపిల్లలతో ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే వాటిని చూసి ఎవరూ జాగ్రత్తపడరు. ఫిలిప్పీన్స్ పర్యటనలో వీధి కుక్కపిల్లను చేరదీసి ఆడించిన నార్వే యువతి ఒకరు 2019లో స్వదేశంలో రేబిస్‌తో చనిపోయారు. ఆడేటప్పుడు పళ్లు తగిలి అయిన చిన్న గాట్లను చికిత్స అక్కర్లేనివిగానే చూశారు. మొరాకోలో కుక్కపిల్ల రక్కితే పడిన గీతను పట్టించుకోని బ్రిటిష్ మహిళ ఒకరు 2025 జూన్‌లో ఇంగ్లండ్‌లో మరణించారు. బ్రిటన్ గడ్డ మీద కుక్కల రేబిస్ లేకుండా పోయి వందేళ్లు దాటింది.

పిల్లులనూ తేలిగ్గా తీసుకోకూడదు. 2018లో మరో బ్రిటిష్ వ్యక్తి మొరాకోలోనే పిల్లి కరిచి రేబిస్‌తో చనిపోయాడు.

ఇక కోతులు. వీటి వల్ల మనుషులకు రేబిస్ రావడం కుక్కలతో పోలిస్తే చాలా అరుదు, కానీ పర్యాటకుల కాట్లలో వీటి వాటా పెద్దది. తిరుమల మెట్ల దారిలో, శ్రీశైలంలో, ఖాట్మండూ స్వయంభూనాథ్ దగ్గర, బాలి దీవిలోని ఉబుద్ కోతుల వనంలో జరిగేది ఒకటే. చేతిలో ప్రసాదం సంచో అరటిపండో కనబడుతుంది, కోతి లాక్కుంటుంది, మనిషి వదలడు. ఆ పెనుగులాటలో వేలికి పన్ను దిగుతుంది. సంచి వదిలేస్తే చాలావరకు గొడవ అక్కడితో ఆగుతుంది. కోతికి పండు అందిస్తూ సెల్ఫీ దిగడం ఈ మధ్య పెరిగిన వేడుక. పిల్లల చేత పెట్టించడం అందులో మరీ తెలివితక్కువ పని. కోతి కరిస్తే కుక్క కరిచినట్టే చికిత్స తీసుకోవాలి. ఎలుక, ఉడుత, కుందేలు కాటుకు మాత్రం సాధారణంగా రేబిస్ టీకా అవసరం రాదు.

రేబిస్ లేదని పేరున్న చోటు ఎప్పటికీ అలాగే ఉండిపోదు. బాలి 2008 దాకా రేబిస్ లేని దీవి. ఆ ఏడాది చివర్లో దక్షిణ కొసన ఉన్న ద్వీపకల్పంలో మొదటి మరణాలు బయటపడ్డాయి. వేరే దీవి నుంచి పడవలో వచ్చిన కుక్కతో వ్యాధి చేరిందని భావిస్తారు. రెండేళ్లలో దీవంతా పాకింది. 2010 నుంచి దీవి మొత్తం కుక్కలకు టీకాలు వేయడం మొదలుపెట్టారు. వ్యాధి తగ్గింది కానీ పోలేదు. హనీమూన్‌కు, సెలవులకు మన వాళ్లు కూడా ఎక్కువగా వెళ్లే చోటు కాబట్టి ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం.

అమెరికా, కెనడాలకు వెళ్లేవారికి ముప్పు వేరే రూపంలో ఉంటుంది. అక్కడ వీధి కుక్కల భయం లేదు. గబ్బిలాలు, రకూన్‌లు, పునుగుపిల్లిని పోలిన స్కంక్‌లు, నక్కలు రేబిస్‌ను మోస్తాయి, మనుషుల మరణాలకు ఎక్కువగా గబ్బిలాలే కారణం. గబ్బిలం పన్ను గాటు కంటికి ఆనదు. అందుకే నిద్ర లేచేసరికి గదిలో గబ్బిలం ఉంటే, కరిచిందని తెలియకపోయినా, డాక్టరును కలవమని అక్కడి ఆరోగ్య శాఖలు చెబుతాయి. పిల్లాడు ఒక్కడే పడుకున్న గదిలో కనిపిస్తే మరీ ముఖ్యం.

సొంతూరికి వచ్చేవారు

ప్రయాణ వైద్యంలో ఎక్కువ ముప్పున్న వర్గం ఒకటుంది. అది హోటల్‌లో దిగే పర్యాటకులు కాదు, బంధువులను చూడటానికి సొంత దేశం వచ్చేవారు. డాలస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వచ్చే తెలుగు కుటుంబాలు ఈ లెక్కలోకే వస్తాయి. పుట్టి పెరిగిన ఊరికి వెళ్తూ ట్రావెల్ క్లినిక్‌కు పోవడం తల్లిదండ్రులకు అతిగా అనిపిస్తుంది. నెలా రెండు నెలలు ఉంటారు. అక్కడ పుట్టిన పిల్లలకు కుక్క అంటే పట్టీ కట్టిన పెంపుడు జంతువే. వాకిట్లో పడుకున్న కుక్కపిల్లను ఎత్తుకోవడానికి వాళ్లు సందేహించరు. రక్కితే తిడతారని ఇంట్లో చెప్పరు. ప్రపంచంలో రేబిస్ అనుమానం ఉన్న జంతువులు కరిచినవారిలో 40 శాతం 15 ఏళ్ల లోపు పిల్లలే. ఏ జంతువు తగిలినా వెంటనే చెప్పాలని, చెబితే తిట్టబోమని పిల్లలకు ముందే నమ్మకం కలిగించడం టీకా తర్వాత అంత విలువైన జాగ్రత్త.

కుక్క మీదికి వస్తే పరుగెత్తకూడదు. పరుగు దాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. కళ్లలోకి చూడకుండా, చేతులు ఊపకుండా నిలబడి, మెల్లగా పక్కకు తప్పుకోవాలి. తింటున్న కుక్క జోలికి, పిల్లలకు పాలిస్తున్న కుక్క జోలికి పోకూడదు. తెల్లవారుజామున బస్సు దిగి నిర్మానుష్యమైన వీధిలో నడవాల్సి వస్తే ఆటో పిలవడం మేలు.

కాటు పడిన వెంటనే

మొదటి చికిత్స ఆసుపత్రిలో కాదు, కుళాయి దగ్గర మొదలవుతుంది. గాయాన్ని పారే నీటి కింద పెట్టి, సబ్బు నురగ లోపలికి వెళ్లేలా పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలంటే గడియారం చూసి కడగాల్సినంత సేపు. చాలామంది అర నిమిషంలో ముగించేస్తారు. రేబిస్ వైరస్‌కు కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని ఛిద్రం చేస్తుంది. ప్రయాణంలో కుళాయి దొరక్కపోతే నీళ్ల సీసాలు కొని పోసుకోవాలి. ఏ సబ్బయినా, చివరికి బట్టల సబ్బయినా సరే. తర్వాత పోవిడోన్ అయోడిన్ రాయాలి. గాయానికి గట్టిగా కట్టు కట్టకూడదు, కుట్లు వేయనివ్వకూడదు. తప్పనిసరైతే, కింద చెప్పబోయే రేబిస్ సీరం ఎక్కించాకే వేస్తారు. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి, పెట్రోలు లాంటివేవీ పెట్టకూడదు. పసరు మందు పోయించుకుని పథ్యం చేస్తే చాలన్న నమ్మకం ఇంకా పల్లెల్లో ఉంది. కరిచిన కుక్కల్లో ఎక్కువ వాటికి రేబిస్ ఉండదు కాబట్టి పసరు తీసుకున్నవారిలో ఎక్కువమంది బతుకుతారు. పసరుకు పేరు వచ్చింది అందుకే.

ఆసుపత్రిలో గాయాన్ని మూడు తరగతుల్లో ఒకదానిగా చూస్తారు. ముట్టుకోవడం, తిండి పెట్టడం, చెక్కుచెదరని చర్మాన్ని నాకడం మొదటిది. దీనికి ఏమీ అక్కర్లేదు. రక్తం రాని చిన్న గీరు, బట్ట అడ్డం లేని చర్మాన్ని పళ్లతో పైపైన కొరకడం రెండోది. దీనికి టీకా వేస్తారు. చర్మం చీల్చిన కాటు లేక రక్కు ఒక్కటైనా ఉంటే, పుండు మీదో కళ్లలోనో నోట్లోనో చొంగ పడితే, గబ్బిలం తగిలితే మూడోది. దీనికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వాడుకలో రేబిస్ సీరం కావాలి.

సీరం అవసరం ఎందుకంటే, టీకాతో ఒంట్లో రక్షణ తయారవడానికి వారం పది రోజులు పడుతుంది. ఈలోగా గాయంలో ఉన్న వైరస్‌ను అక్కడే పట్టి ఉంచడానికి సిద్ధంగా ఉన్న యాంటీబాడీలను గాయం లోపల, చుట్టూ సూదితో ఎక్కిస్తారు. మనిషి రక్తం నుంచి తీసినదైతే కిలో బరువుకు 20 యూనిట్లు, గుర్రం నుంచి తీసినదైతే 40 యూనిట్లు. వేలి కొసకు గాయమైతే పట్టే చోటు లేక చాలా నొప్పి పుడుతుంది. అయినా ఎంత పడితే అంత అక్కడే ఎక్కించాలి. మొదటి టీకా పడిన ఏడు రోజులు దాటాక సీరం ఇవ్వరు. భారత్‌లో ప్రయోగశాలలో తయారుచేసిన మోనోక్లోనల్ యాంటీబాడీ మందులు కూడా వచ్చాయి, గుర్రపు సీరానికి ఇవి ప్రత్యామ్నాయం.

ప్రయాణికుడికి ఎక్కువగా చిక్కొచ్చేది ఈ సీరంతోనే. టీకా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ దొరుకుతుంది, సీరం మాత్రం పెద్దాసుపత్రులకు వెళ్తేగానీ దొరక్కపోవచ్చు. కొన్ని దేశాల్లో రాజధానికి వెళ్లాలి. కాటు పడిన చోట మొదటి టీకా వేయించుకుని, సీరం కోసం అదే రోజు బయల్దేరడమే పద్ధతి. సీరం దొరికాక రెండూ కలిపి వేయించుకుందామని ఆగకూడదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్, కోరంటి అని జనం పిలిచే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి కుక్క కాటుకు నగరవాసులు ఎన్నో ఏళ్లుగా వెళ్తున్న చోట్లు.

గర్భిణులకు, పసిపిల్లలకు, వేరే జబ్బులున్నవారికి టీకా వేయకూడదన్న నియమమేదీ లేదు.

ఊరు మారినా ఆగకూడని కోర్సు

మన ప్రభుత్వాసుపత్రుల్లో చర్మం పొరలోకి 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు చోట్ల, 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండరంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో ఒక్కో డోసు. సున్నా రోజంటే మొదటి సూది పడిన రోజు, కాటు పడిన రోజు కాదు. పెద్దలకు భుజం మీద, పసివాళ్లకు తొడ ముందు పక్కన వేయాలి. పిరుదు మీద వేస్తే టీకా సరిగా పట్టదు.

దేశాన్ని బట్టి డోసుల సంఖ్య, పద్ధతి మారతాయి. అమెరికాలో చర్మం పొరలోకి వేసే పద్ధతికి అనుమతి లేదు, కండరంలోకే వేస్తారు. కరీంనగర్‌లో మొదలుపెట్టి న్యూజెర్సీలో ముగించాల్సి వస్తే కోర్సు మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు, మిగిలినది అక్కడి పద్ధతిలో పూర్తి చేస్తారు. ఒక డోసు రెండు రోజులు ఆలస్యమైనా అక్కడి నుంచే కొనసాగించాలి. ఇందుకు ఆధారం ఆసుపత్రి ఇచ్చే చీటీ. దాని మీద తేదీలు, టీకా పేరు, బ్యాచ్ నంబరు, ఎక్కడ ఎలా వేశారు, సీరం ఎన్ని యూనిట్లు అన్నవి రాయించుకుని, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. చీటీ మీద ‘ఏఆర్‌వీ ఇచ్చాం’ అని, అంటే రేబిస్ టీకా వేశామని, ఒక్క ముక్క గీకి పంపడం మన దగ్గర మామూలే. పరాయి దేశపు డాక్టరుకు దానితో ఏమీ తెలియదు.

కుక్క, పిల్లి విషయంలో పది రోజుల పరిశీలన నియమం ఉంది. పదో రోజుకూ జంతువు ఆరోగ్యంగా ఉంటే కరిచిన నాడు దాని చొంగలో వైరస్ లేనట్టే, మిగతా సూదులు ఆపవచ్చు. అయితే టీకా మొదలుపెట్టి పరిశీలించాలి తప్ప, పరిశీలించాక టీకా కాదు. కోతులకు ఈ నియమం వర్తించదు. దారిన పోయేవాడికి ఈ నియమం ఎలాగూ పనికిరాదు కనుక కోర్సు పూర్తి చేయడమే దారి.

ముందస్తు టీకా

కాటుకు ముందే వేయించుకునే టీకా ప్రయాణికులకు బాగా ఉపయోగపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నుంచి దీన్ని 0, 7 రోజుల్లో రెండు విడతలకు కుదించింది. అమెరికా కూడా 2022లో మూడు డోసులను రెండుకు తగ్గించింది. ఇది వేయించుకున్నవారికి కాటు పడితే టీకా అక్కర్లేదని కాదు. 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, సీరం అవసరం ఉండదు. ప్రయాణంలో దొరకడం కష్టమైనది సీరమే కనుక లాభమంతా ఇక్కడే ఉంది.

వారం రోజుల నగర పర్యటనకు ఇది తప్పనిసరి కాదు. నెల పైన ఉండేవారికి, పిల్లలకు, ట్రెక్కింగ్, సైకిల్ యాత్రలు చేసేవారికి, ఆసుపత్రికి రోజు ప్రయాణం పట్టే చోట్లకు వెళ్లేవారికి, జంతువులతో పనిచేసే స్వచ్ఛంద సేవకులకు సిఫార్సు చేస్తారు. అమెరికాలో ఒక్కో డోసుకు వందల డాలర్లవుతుంది. అదే టీకా భారత్‌లో వందల రూపాయల్లో దొరుకుతుంది. తరచూ వచ్చిపోయే కుటుంబాలు ఒకసారి వచ్చినప్పుడు మొదటి వారంలోనే ఇక్కడ వేయించుకోవడం సబబైన పనే.

ఒకప్పుడు చికిత్స కోసమే ప్రయాణం

1885 జూలైలో లూయీ పాశ్చర్ టీకా వేసిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌ను వాళ్లమ్మ అల్సాస్ నుంచి పారిస్‌కు తీసుకొచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు భారత్‌లోని బ్రిటిష్ సైనికులను కుక్క కరిస్తే పారిస్ పంపేవారు. 1900లో నేటి హిమాచల్ ప్రదేశ్ కొండల్లోని కసౌలిలో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. అమెరికా సంపన్నుడు హెన్రీ ఫిప్స్ ఇచ్చిన విరాళంతో 1907లో నీలగిరుల్లోని కూనూరులో మరొకటి వెలిసి దక్షిణాదికి ఆధారమైంది. కాటు తిన్నవారు రోజుల తరబడి రైలెక్కి ఈ కొండల మీదికి చేరేవారు.

బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలిలో గొర్రె మెదడు కణజాలంతో చేసిన టీకాతో ఊళ్లలోనే చికిత్స సాధ్యమైంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం దాని నుంచి వచ్చినదే. కొందరికి నరాల జబ్బులు తెచ్చిపెట్టిన ఆ టీకాను 2004 చివర్లో భారత్ ఆపేసింది. ఆ భయం మాత్రం ఇంకా పోలేదు. ఇప్పటి కణవర్ధన (సెల్ కల్చర్) టీకా భుజానికి వేసే మామూలు సూది. హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఇండియన్ ఇమ్యునలాజికల్స్ దీన్ని తయారుచేసే సంస్థల్లో ఒకటి.

అదుపు ప్రయత్నాలు

కుక్కలకు టీకాలు వేస్తే మనుషుల్లో రేబిస్ ఆగుతుంది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి వేస్తే వ్యాధి గొలుసు తెగుతుందన్నది అందరూ ఆమోదించిన లక్ష్యం. కుక్కల ద్వారా మనుషులకు వచ్చే రేబిస్‌ను నిర్మూలించిన తొలి దేశంగా 2019లో మెక్సికోను ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. మన దేశంలో గోవా ఇదే దారిలో నడిచి, 2021లో రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించుకుంది. 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబిస్ మరణాలు లేకుండా చేయాలన్న జాతీయ ప్రణాళిక కూడా 2021లోనే సెప్టెంబరు 28న, ప్రపంచ రేబిస్ దినం నాడు మొదలైంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు రైల్వే స్టేషన్లు, బస్ స్టాండ్లు, ఆసుపత్రులు, విద్యాసంస్థల ఆవరణల నుంచి వీధి కుక్కలను తరలించాలని ఆదేశించింది. అమలు తీరు ఊరికో రకంగా ఉంది.

ప్రయాణించేది మనుషులే కాదు. 2024 ఆగస్టు నుంచి అమెరికా, భారత్ సహా రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల నుంచి తెచ్చే కుక్కలకు మైక్రోచిప్, రేబిస్ టీకా ధ్రువపత్రం, కనీసం ఆరు నెలల వయసు తప్పనిసరి చేసింది. టీకా భారత్‌లో వేయించి ఉంటే రక్త పరీక్షలో యాంటీబాడీలు చాలినన్ని ఉన్నట్టు చూపాలి, లేదంటే 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచాలి. పెంపుడు కుక్కతో కాపురం మార్చే కుటుంబాలు ఈ పనులు టికెట్ కొనడానికి కొన్ని నెలల ముందే మొదలుపెట్టుకోవాలి.